పుస్తకాల షాపులో రచయిత గొంతు

మన సాహిత్య చరిత్రలు రచయితల పేర్లతో మొదలై, రచనల పట్టికలతో సాగి, వాదాల పేర్లతో ముగుస్తాయి. రచన అచ్చయితే చాలు, పాఠకుడికి చేరినట్టేనన్న భావం వాటి వెనక ఉంటుంది. వాస్తవానికి రచయిత బల్లకీ పాఠకుడి చేతికీ మధ్య చాలామంది ఉన్నారు. అక్షరాలు కూర్చే కంపోజిటరు ఉన్నాడు. కాగితానికి డబ్బు పెట్టేవాడు ఉన్నాడు. కొట్లో నిలబడి అమ్మేవాడు ఉన్నాడు. ఒక్కోసారి పోలీసూ, న్యాయమూర్తీ కూడా ఉంటారు. వీళ్ళందరూ ఒకేచోట కనిపించే స్థలం ఒకటుంది. పెద్ద కంపెనీల చేతిలో లేని చిన్న పుస్తకాల షాపు అది. ఆ ఊరి రచయిత అక్కడికి వచ్చి, తన రచనను నలుగురి ముందూ చదివిన సాయంత్రాలకు ఒక చరిత్ర ఉంది.

ఆ చరిత్రను లండన్, పారిస్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల్లో పరిశీలిద్దాం. ఎవరు చదివారన్నది ఎలాగూ చూస్తాం. దానికంటే ముఖ్యమైన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఆ షాపు అద్దె ఎవరు కట్టారు? వినడానికి ఎవరొచ్చారు? డబ్బు అయిపోయినప్పుడో, ప్రభుత్వం కన్నెర్ర చేసినప్పుడో ఏమైంది? ‘స్వతంత్ర’ షాపు అంటున్నాం కాబట్టి, ఆ స్వాతంత్ర్యం దేన్నుంచి అని కూడా అడగాలి. సరుకుగా పుస్తకాన్ని అమ్మే ఏ కొట్టూ మార్కెట్టు నుంచి పూర్తిగా స్వతంత్రం కాజాలదు.

1

హెరాల్డ్ మన్రో అనే కవి లండన్‌లోని బ్లూమ్స్‌బరీ ప్రాంతంలో, 35 డెవన్‌షైర్ స్ట్రీట్‌లో ‘పొయెట్రీ బుక్‌షాప్’ పెట్టాడు. 1913 జనవరిలో దాని ప్రారంభోత్సవం జరిగింది. వీధి పేదది, ఇల్లు పాతది. చుట్టుపక్కల బంగారు రేకు సాగగొట్టే పనివాళ్ళ సుత్తి చప్పుళ్ళు వినిపించేవి. కింద షాపు, పైన తక్కువ అద్దెకు కవులూ కళాకారులూ ఉండే గదులు. శిల్పి ఎప్‌స్టీన్ అక్కడున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో 1918 నవంబరులో చనిపోయిన కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1916లో కొద్దిరోజులు ఆ గదుల్లోనే తలదాచుకున్నాడు.

ఆ షాపులో వారానికి రెండు సాయంత్రాలు కవిత్వ పఠనం జరిగేది. ప్రవేశ రుసుము మూడు పెన్నీలు. కవిత్వం కాగితం మీద సగమే బతుకుతుందనీ, మిగతా సగం గొంతులో ఉంటుందనీ మన్రో నమ్మకం. చదివేవాడి మీద తప్ప మిగతా గదిలో వెలుతురు పెద్దగా ఉండేది కాదు. 1913 జనవరిలోనే రూపర్ట్ బ్రూక్ చదివాడు. ఆ ఏడాది నవంబరులో ఇటలీ నుంచి మారినెట్టి వచ్చి తన ఫ్యూచరిస్టు కవిత్వాన్ని గర్జించాడు. యంత్రాన్నీ యుద్ధాన్నీ పూజించిన మారినెట్టికీ, తర్వాత యుద్ధం ఎంత హేయమో రాసిన ఓవెన్‌కూ ఒకే కప్పు నీడనిచ్చింది. ఆ షాపుకు ఒక వాదం లేకపోవడమే దాని బలం అన్నవాళ్ళున్నారు. అది నిజంలో ఒక భాగమే. వాదం లేకపోయినా దానికి ఒక ఆర్థిక పునాది ఉంది.

ఆ పునాది ఏది? మన్రో పూర్వీకులు తరతరాలుగా మానసిక రోగుల వైద్యులు. ఆ కుటుంబానికి ఒక ప్రైవేటు పిచ్చాసుపత్రి ఉండేది. దాని ఆదాయంలో వచ్చిన వాటాతోనే మన్రో షాపు నష్టాలు పూడ్చుకున్నాడు. ఆ షాపు ప్రచురించిన ‘జార్జియన్ పొయెట్రీ’ సంకలనాలు బాగానే అమ్ముడుపోయాయి. ఒక పెన్నీకి అమ్మిన బొమ్మల ‘రైమ్ షీట్లు’ పిల్లల చేతుల్లోకీ వెళ్ళాయి. అయినా కవిత్వం అమ్మి షాపు నడపడం సాధ్యం కాలేదు. కవి గొంతు వినడానికి శ్రోత ఇచ్చింది మూడు పెన్నీలైతే, మిగతా ఖర్చు భరించింది వారసత్వపు ఆస్తి. దీన్ని ఎత్తిచూపడం మన్రోను తక్కువ చేయడానికి కాదు. ఆస్తి ఉన్నవాళ్ళలో చాలామంది దాన్ని ఇలా ఖర్చుపెట్టలేదు. కాని ఒక సాహిత్య సంస్థ ఒక వ్యక్తి ఆదాయం మీద నిలబడితే, ఆ వ్యక్తితో పాటే అది కూలుతుంది. మన్రో 1932లో చనిపోయాడు. 1935లో షాపు మూతపడింది.

2

ఆ షాపుకు అన్నిటికంటే విలువైన సాయంత్రం పేరున్న కవి చదివినది కాదు. 1915లో జరిగిన ఒక పఠనం అది.

మన్రోతో పాటు షాపులో పనిచేసిన అలీడా క్లెమెంటాస్కీ అనే యువతికి 1912లో ‘నేషన్’ పత్రికలో వచ్చిన ఒక కవిత కంఠస్థం. దాని పేరు ‘ది ఫార్మర్స్ బ్రైడ్’. పెళ్ళంటే, మగవాడంటే బెదిరిపోయి పారిపోయిన ఒక పల్లెటూరి పిల్ల కథ అది. ఆమె భర్త అయిన రైతే దాన్ని చెబుతాడు. ఆ పిల్ల గొంతు ఎక్కడా వినిపించదు, అయినా ఆమె భయం మనకు తెలుస్తుంది. రాసినామె పేరు షార్లెట్ మ్యూ. వయసు 46. పుట్టింది బ్లూమ్స్‌బరీలోనే, ఉంటున్నదీ బ్లూమ్స్‌బరీలోనే. షాపుకు నడిచి వచ్చేంత దూరంలో ఉన్న ఈ రచయిత్రి దగ్గర అప్పటికి ఒక్క కవితా సంపుటి కూడా లేదు. అలీడా ఆమెకు ఉత్తరం రాసింది, ‘మీ కవిత చదువుతున్నాం, వచ్చి వినండి’ అని. మ్యూ వచ్చి శ్రోతల్లో కూర్చుంది. ఆమె కవితను అలీడా చదివింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. మ్యూ తండ్రి భవన శిల్పి. ఆయన 1898లో పోయాక కుటుంబం చితికిపోయింది. పరువు కోసం పాత ఇంట్లోనే ఉంటూ, అందులో సగం అద్దెకిచ్చి బతికారు. అన్నా చెల్లెలూ మతి చలించి ఆసుపత్రుల పాలయ్యారు. ఆ చెల్లెలి పోషణ ఖర్చు ఏళ్ళ తరబడి ఇంటిని కుంగదీసింది. ఒక పిచ్చాసుపత్రి లాభంతో నడిచే షాపులోకి, పిచ్చాసుపత్రి బిల్లులు కట్టలేక సతమతమయ్యే రచయిత్రి అడుగుపెట్టింది. ఆ ఆసుపత్రులు ఒకటి కావు. కాని వ్యవస్థ ఒకటే. ఒకే సామాజిక వాస్తవం ఒకరికి కవిత్వానికి పెట్టుబడి అయింది, మరొకరికి కవితా వస్తువైంది. పిచ్చాసుపత్రి మీదా, శ్మశానం మీదా మ్యూ రాసిన కవితలు చదివినవాళ్ళకు ఈ మాట అతిగా తోచదు.

ఆ సాయంత్రం నుంచి పుస్తకం పుట్టింది. 1916లో మన్రో ఆ కవిత పేరుతోనే మ్యూ మొదటి సంపుటి వేశాడు. అదీ సాఫీగా జరగలేదు. అందులోని ‘మడలీన్ ఇన్ చర్చ్’ అనే దీర్ఘకవిత మతాన్ని కించపరుస్తోందని కంపోజిటరు అక్షరాలు కూర్చడానికి నిరాకరించాడు. పని మరో చోటికి వెళ్ళింది. మనం శ్రామికుణ్ణి ఎప్పుడూ కవి పక్షానే ఊహించుకుంటాం. చరిత్ర అంత సులువుగా ఉండదు. శ్రామికుడి మెదడులోనూ పాలకవర్గ భావజాలం ఉంటుంది. అతని చేయి ఆగితే కవిత ఆగుతుంది. ఈ సంగతి మన అభ్యుదయ విమర్శకులు మరిచిపోకూడదు.

పుస్తకం వెంటనే అమ్ముడుపోలేదు. కాని థామస్ హార్డీ లాంటివాళ్ళు చదివారు. హార్డీ, వాల్టర్ డి లా మేర్, మేస్‌ఫీల్డ్‌ల సిఫారసుతో 1923లో ఆమెకు ఏడాదికి 75 పౌన్ల ప్రభుత్వ పింఛను వచ్చింది. 1928లో, తోడుగా ఉన్న మరో చెల్లెలు చనిపోయిన మరుసటి ఏడాది, ఆమె ఆత్మహత్య చేసుకుంది. షాపు ఆమెను బతికించలేకపోయింది. ఆమె కవిత్వాన్ని మాత్రం బతికించింది. ఒక షాపు నుంచి ఎంత ఆశించవచ్చో, ఎంత ఆశించకూడదో ఈ రెండు వాక్యాలూ కలిపి చూస్తే తెలుస్తుంది.

మరొక విషయం. 1916లో మన్రోను సైన్యంలోకి పిలిచారు. యుద్ధకాలమంతా షాపు నడిపిందీ, పఠనాలు ఆగకుండా చూసిందీ, రైమ్ షీట్లకు చేత్తో రంగులద్దిందీ అలీడాయే. సాహిత్య చరిత్రలో ఆమె చాలాకాలం ‘మన్రో భార్య’గానే మిగిలింది. మ్యూను గుర్తించిన చూపు ఎవరిదో ఆలోచిస్తే, ఆ పేరు ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

3

పారిస్‌లో ఓడెయాన్ వీధిలో 1915లో అడ్రియెన్ మోనియే ఒక పుస్తకాల షాపు తెరిచింది. 1919లో అమెరికన్ యువతి సిల్వియా బీచ్ ‘షేక్‌స్పియర్ అండ్ కంపెనీ’ తెరిచి, 1921లో అదే వీధికి మార్చింది. రెండూ అద్దెకు పుస్తకాలిచ్చే కొట్లే. చందాదార్లే వాటికి ఆధారం. 1921 డిసెంబరు 7న మోనియే షాపులో వలేరీ లార్బో అనే రచయిత జేమ్స్ జాయ్స్ మీద ఉపన్యసించాడు. ఇంకా అచ్చుకాని ‘యులిసీజ్’ నుంచి భాగాలు చదివారు. షాపు కిక్కిరిసింది. జాయ్స్ తెర వెనక కూర్చున్నాడు. రెండు నెలలు తిరక్కుండా, 1922 ఫిబ్రవరి 2న, బీచ్ ఆ నవలను తానే ప్రచురించింది. ఇంగ్లండ్, అమెరికాల్లోని ప్రచురణకర్తలు భయపడిన పని ఒక చిన్న కొట్టు చేసింది.

అయితే 1929 ఆర్థిక సంక్షోభంతో పారిస్‌లోని అమెరికన్లు ఇళ్ళదారి పట్టారు. బీచ్ చందాదార్లు తగ్గిపోయారు. 1930ల మధ్యకు షాపు మూసేసే స్థితి వచ్చింది. అప్పుడు ఆండ్రే జీడ్ తదితరులు ఒక మిత్రబృందం కట్టారు. చందా కట్టినవాళ్ళ కోసం రచయితలు షాపులో అముద్రిత రచనలు చదవాలన్నది ఏర్పాటు. 1936లో జీడ్, పాల్ వలేరీ, టి.ఎస్. ఎలియట్ చదివారు. 1937లో హెమింగ్వే, స్టీఫెన్ స్పెండర్ చదివారు. ఇక్కడ పఠనం స్వభావం మారింది. లండన్‌లో షాపు కవిని ఆదుకుంది. పారిస్‌లో రచయితలు షాపును ఆదుకున్నారు. ఒక వ్యక్తి ఆస్తి స్థానంలో ఒక బృందం చందా వచ్చింది. అది ముందడుగే. కాని ఆ చందా కట్టగలిగింది మధ్యతరగతి పైవాళ్ళే. మూడు పెన్నీల తలుపు ఇక్కడ లేదు.

జీడ్ పేరు వినగానే మనకు మరొకటి గుర్తుకు రావాలి. 1935 జూన్‌లో పారిస్‌లో ఫాసిజానికి వ్యతిరేకంగా జరిగిన అంతర్జాతీయ రచయితల మహాసభలో ముందు వరసలో నిలిచినవాడు ఆయన. ఆ సభ చూసిన సజ్జాద్ జహీర్ భారతదేశానికి తిరిగొచ్చి అభ్యుదయ రచయితల సంఘం పనిలో దిగాడు. 1936 ఏప్రిల్‌లో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన లక్నో మహాసభ జరిగింది. ఆ సంఘానికి బీజం పడింది 1934 నవంబరులో, లండన్ డెన్మార్క్ స్ట్రీట్‌లోని నాన్‌కింగ్ అనే చైనా హోటలు గదిలో. విద్యార్థులూ రచయితలూ కూడి ఒకరి రచన మరొకరికి చదివి వినిపించుకున్న బృందమే పెద్ద ఉద్యమానికి మూలమైంది.

నాజీలు పారిస్‌ను ఆక్రమించాక, 1941 డిసెంబరులో బీచ్ షాపు మూసేసింది. ఒక జర్మన్ అధికారి అడిగిన జాయ్స్ పుస్తకాన్ని అమ్మనన్నందుకు బెదిరింపు ఎదురైంది. గంటల వ్యవధిలో పుస్తకాలన్నీ పై అంతస్తుకు చేరేశారు. తర్వాత ఆమెను కొన్ని నెలలు నిర్బంధ శిబిరంలో ఉంచారు.

4

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1953లో పీటర్ మార్టిన్, లారెన్స్ ఫెర్లింగెట్టీ చెరో 500 డాలర్లు వేసుకుని ‘సిటీ లైట్స్’ తెరిచారు. అట్ట పుస్తకాలు తప్ప గట్టి బైండు పుస్తకాలు పెట్టకపోవడం దాని ప్రత్యేకత. కూలివాడు కొనగల ధరకు మంచి పుస్తకం అన్నది వాళ్ళ సూత్రం. 1955 అక్టోబరు 7 రాత్రి, ఒకప్పుడు మోటారు రిపేరు షెడ్డుగా ఉన్న ‘సిక్స్ గ్యాలరీ’లో ఐదుగురు కవులు చదివారు. కెన్నెత్ రెక్స్‌రోత్ సభ నడిపాడు. అలెన్ గిన్స్‌బర్గ్ ‘హౌల్’ మొదటి భాగం చదివాడు. పఠనం షాపులో జరగలేదు, కాని షాపు యజమాని శ్రోతల్లో ఉన్నాడు. 1956లో ‘హౌల్’ సిటీ లైట్స్ ప్రచురణగా వచ్చింది. ధర 75 సెంట్లు.

ఇంగ్లండ్‌లో అచ్చయిన కాపీలను 1957 మార్చిలో కస్టమ్స్‌వాళ్ళు పట్టుకున్నారు, 520 కాపీలు. ఫెడరల్ న్యాయవాది కేసు పెట్టనన్నాడు కాబట్టి వదిలేశారు. జూన్‌లో మారువేషంలో వచ్చిన పోలీసులు కొట్లో ఒక కాపీ కొన్నారు. అమ్మినవాణ్ణి అరెస్టు చేశారు.

అతని పేరు షిగెయోషి మురావో. జపాన్ సంతతి అమెరికన్. రెండవ ప్రపంచయుద్ధంలో లక్షకు పైగా జపాన్ సంతతి ప్రజలను అమెరికా ప్రభుత్వం శిబిరాల్లో బంధించినప్పుడు, అతని కుటుంబం ఐడహో రాష్ట్రంలోని మినిడోకా శిబిరంలో ఉంది. అప్పుడు పుట్టుక నేరం, ఇప్పుడు కవిత అమ్మడం నేరం. కవి అప్పుడు దేశంలోనే లేడు, ప్రచురణకర్త ఊళ్ళో లేడు. బేడీలు పడింది కొట్లో నిలబడ్డ గుమాస్తాకి. విచారణలో అతని మీద కేసు కొట్టేశారు. ఆ పుస్తకంలో ఏముందో అతనికి తెలుసునని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది. చట్టం దృష్టిలో గుమాస్తా పాఠకుడు కాడు! 1957 అక్టోబరు 3న న్యాయమూర్తి క్లేటన్ హార్న్, ఆ కవితకు సామాజిక ప్రాముఖ్యం ఉందంటూ ఫెర్లింగెట్టీని నిర్దోషిగా వదిలేశాడు. ఈలోగా పుస్తకం వేల కాపీలు అమ్ముడైంది. సాహిత్య చరిత్రలు కవిని స్మరిస్తాయి, 2021లో 101 ఏళ్ళ వయసులో మరణించిన ఫెర్లింగెట్టీని స్మరిస్తాయి. మురావో పేరు అధస్సూచికల్లో ఉంటుంది. ఆ పేరు అసలు చరిత్రలోకి రావాలి.

5

మూడు ఉదాహరణల నుంచీ ఒక సూత్రం తేలుతోంది. పఠనం చౌకగా దొరికిందంటే ఖర్చు మరెవరో భరించారని అర్థం. లండన్‌లో వారసత్వం, పారిస్‌లో చందా, శాన్‌ఫ్రాన్సిస్కోలో చౌక ప్రచురణ అమ్మకం. వీటిలో మూడోదే నిలిచింది. ఎందుకంటే అది ఒక వ్యక్తి దయ మీద కాక, కొనే పాఠకుల సంఖ్య మీద ఆధారపడింది.

దీనితో పాటు చట్టం సంగతీ చూడాలి. ఇంగ్లండ్‌లో పుస్తకాన్ని నిర్ణీత ధరకు తక్కువగా ఎవరూ అమ్మకూడదన్న ఒప్పందం 1900 నుంచి నడిచింది. 1995లో అది కూలింది, 1997లో కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత సూపర్‌మార్కెట్లూ పెద్ద కంపెనీలూ ధరలు కోసి చిన్న షాపుల గొంతు నొక్కాయి. ఫ్రాన్స్ 1981లో చట్టం చేసి, ఐదు శాతానికి మించి తగ్గించకూడదంది. ధర మీద పోటీ లేనప్పుడు, ఏ పుస్తకం పెడతాడు, ఎవరిచేత చదివిస్తాడు అన్న దాంట్లో షాపువాడు పోటీపడతాడు. పఠనం సంస్కృతికి సంబంధించినదని మనం అనుకుంటాం. అది ధరల విధానానికీ సంబంధించినదే.

6

మన సంగతికి వద్దాం. వినిపించడం మనకు కొత్త కాదు. అవధానం, హరికథ, బుర్రకథ అన్నీ గొంతు మీద బతికినవే. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఊరూరా జనం విన్నారు కాబట్టే దానంటే అంత భయం. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడిచేత ఆవిష్కరింపజేశారు. మన కవిత్వం బజారులో, సభలో, పందిట్లో పలికింది. పుస్తకాల షాపులో మాత్రం అరుదుగా పలికింది.

1950లలో విజయవాడలో మొదలైన విశాలాంధ్ర ప్రచురణాలయం పట్టణాల్లో సొంత షాపులు తెరిచింది. రూపాయికీ రెండు రూపాయలకీ దొరికిన సోవియట్ తెలుగు పుస్తకాలు ఒక తరాన్ని తయారుచేశాయి. ఆ చౌక ధర వెనక ఉన్నది మరో దేశపు ప్రభుత్వ ఖర్చు. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాల రాకా ఆగింది. మనం పైన చూసిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

ఇప్పుడు మన రచయితలు చాలామంది తమ డబ్బుతోనే ఐదువందలో వెయ్యో కాపీలు వేసుకుంటారు. ఆవిష్కరణ సభ పెడతారు. వేదిక మీద పదిమంది కూర్చుంటారు. పదిమందీ రచయిత గురించి మాట్లాడతారు. ఆ పుస్తకంలోంచి ఒక్క పేజీ చదివే తీరిక ఎవరికీ ఉండదు. శాలువాలు కప్పుకుంటారు, ఫొటోలు దిగుతారు, కాపీలు ఉచితంగా పంచుతారు. పుస్తకం కొనేవాడు అనే మనిషి ఆ సభలో లేనే లేడు. అందువల్ల రచయితకు తన వాక్యం ఎక్కడ తేలిపోయిందో, శ్రోత ఎక్కడ కుర్చీలో కదిలాడో తెలిసే అవకాశం లేదు. పొగడ్త దొరుకుతుంది, విమర్శ దొరకదు.

చిన్న షాపు పఠనంలో పొగడ్తకు చోటు తక్కువ. ఇరవై మంది వింటారు, నలుగురు కొంటారు, ఒకడు అడ్డుప్రశ్న వేస్తాడు. కొట్లో పనిచేసే కుర్రాడు కూడా వింటాడు. రేపు ఆ పుస్తకం కోసం వచ్చినవాడికి ‘ఇది మంచిదండీ, నేను విన్నాను’ అనగలుగుతాడు. మ్యూ కవితను కంఠస్థం చేసిన అలీడా చేసింది ఇదే.

కనక మనం చేయగల పనులున్నాయి. రచయితల సంఘాల శాఖలు తమ ఊళ్ళోని పుస్తకాల షాపుతో మాట్లాడి నెలకొక సాయంత్రం ఏర్పాటు చేయవచ్చు. ఉపన్యాసాలు లేకుండా, ఆ ఊరి రచయిత అరగంట చదివి, అరగంట ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పుస్తకాలు పంచకూడదు, అమ్మాలి. ఆ అమ్మకంలో షాపు వాటా షాపుకివ్వాలి. సంపుటి అచ్చుకాని స్త్రీలనూ, దళితులనూ, మారుమూల రచయితలనూ వెతికి పిలవడం ఆ శాఖల పని. ఎందుకంటే షాపుకు నడిచి వచ్చేంత దూరంలో ఉండి కూడా, ఉత్తరం రాసేవాళ్ళు లేక ఇంట్లోనే ఉండిపోయిన షార్లెట్ మ్యూలు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు.